నర్తకుల బట్టలకు నేను వేసిన అంచు

కువైట్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు బట్టలు కత్తిరించాను. వచ్చే వారం ఇఖామా, అంటే ఇక్కడి నివాస అనుమతి, రద్దు చేయించుకుని, జగిత్యాల పక్కనున్న మా ఊరికి వెళ్ళిపోతున్నాను. ఫర్వానియాలో మా గదిలో ఉండే కొత్త టైలర్లు నెల రోజులుగా నా వెంట పడుతున్నారు. "మాస్టర్, పొయ్యే ముందుగాల నీ పనితనం జెర రాసిచ్చి పో" అంటారు. వాళ్ళకు కావలసింది అరబ్బు మగవాళ్ళు తొడిగే పొడుగాటి దిష్‌దాషా మెడపట్టీ ముడత పడకుండా ఎలా తిప్పాలి, జారిపోయే బట్టను బల్ల మీద ఎలా నిలపాలి అన్నవి. అవి కాగితం మీద రావు. బల్ల పక్కన నిలబడి చూడాలి, నాలుగు మీటర్లు పాడుచేయాలి, తిట్లు తినాలి.

నేను రాయగలిగింది వేరే ఉంది. ఎనిమిదేళ్ళ కింద నేను నాలుగు బట్టలు తప్పుగా కుట్టాను. కుట్టినందుకు పెద్దగా సిగ్గులేదు, ప్రతి టైలరూ ఏదో ఒకటి పాడుచేస్తాడు. ఆ తరవాత నోటితో చేసినదానికి సిగ్గుపడుతున్నాను. ఇప్పటిదాకా గదిలో ఎవరికీ చెప్పలేదు. ఇది చదివాక మీరు నన్ను మాస్టర్ అని పిలవడం మానేసినా నేనేమీ అనుకోను.

ఉస్తాద్

మొదటి రెండేళ్ళు సబ్హాన్‌లో యూనిఫాంలు కుట్టే షెడ్డులో పనిచేశాను. అక్కడ మనిషి లేడు, సైజు మాత్రమే ఉంది. ఒకే చొక్కాను రోజుకు వందసార్లు కుట్టేవాణ్ణి. తరవాత సల్వాలో, జమియా కోఆపరేటివ్ దుకాణం వెనక ఉన్న టైలరింగ్ షాపులో చేరాను. అక్కడే పని నేర్చుకున్నాను. నేర్పినాయన హైదరాబాదు పాతబస్తీ మనిషి. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం.

చేరిన ఏడాదిలోనే ఒక పెళ్ళికొడుకు దిష్‌దాషా పాడుచేశాను. అతని ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది. ఉస్తాద్ ఆ సంగతి కొలతల పుస్తకంలో రాసే పెట్టాడు. నేను చదవకుండా రెండు భుజాలూ సమానంగా కత్తిరించాను. పెళ్ళి రేపనగా తండ్రి వచ్చి షాపు మధ్యలో నిలబడి కేకలేశాడు. నేను మిషను వెనక నక్కాను. ఉస్తాద్ లేచి, "కత్తిరించింది నేనే. గల్తీ నాది" అన్నాడు. అరబ్బీలో, అందరికీ వినపడేలా. మర్నాడు మధ్యాహ్నానికల్లా తనే కూర్చుని కొత్తది కుట్టి ఇచ్చాడు.

వాళ్ళు వెళ్ళాక నేను ఆయన కాళ్ళు పట్టుకోబోయాను. ఆయన విసుక్కున్నాడు. "ఛల్, లే! ఏం ఫికర్ చెయ్యకు. కత్తెర ఎవని చేతుల ఉన్నా దుకాణం నాది. పుస్తకం చదువు రేపటి సంది."

ఉస్తాద్ వెళ్ళిపోయాక ఆయన బల్ల నాకు వచ్చింది. ఆయన గుణం రాలేదు. ఇది నేను వినయం కోసం అనడం లేదు, ముందు చదివితే మీకే తెలుస్తుంది.

అద్దం రూలు

మాస్టర్ అయ్యాక నాకు కొన్ని సొంత రూళ్ళు ఏర్పడ్డాయి. రూళ్ళు ఉన్న టైలరును జనం నమ్ముతారు. నన్ను నేనే మరీ ఎక్కువ నమ్మాను.

ఒక రూలు ఫోను ఫోటోల గురించి. ఆడవాళ్ళు అద్దం ముందు నిలబడి సెల్ఫీ తీసి, అలాంటిదే కావాలని పంపుతారు. అందులో కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. రెండుసార్లు అలాగే నమ్మి గుండీల వరస తప్పు వైపు వేశాను. అప్పటినుంచి ఫోనులో డిజైను చూస్తాను గానీ కుడి ఎడమలు మాత్రం పట్టించుకోను. ఆడవాళ్ళ బట్టకు కుడి అంచు మీదికి రావాలి, మగవాళ్ళ బట్టకు ఎడమ అంచు మీదికి రావాలి, అంతే. నేను కుట్టిన జాకెట్లన్నీ, అబాయాలన్నీ అలాగే కుట్టాను. అందులో తప్పేమీ లేదు. మన బట్టలకు ఆ రూలు సరిపోతుంది.

నలుగురు అక్కచెల్లెళ్ళు

సల్వాలో షాపుకు రెండు వీధుల అవతల ఒక పెద్ద ఇల్లు ఉంది. ఆ ఇంటావిడ మాకు పాత కస్టమరు, ఇక్కడి పద్ధతిలో అందరం ఆమెను మామా అంటాం. మా షాపు లైసెన్సు, మా వీసాలు ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ కఫీల్ ఆమెకు మేనమామ. ఆ ఇంట్లో పనిచేసే సలోమిది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంటావిడ బట్టలు తేవడం, తీసుకెళ్ళడం ఆమె పనే. నన్ను మాస్టారూ అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. ఇంటావిడ కూతురు దానా పుట్టినప్పటినుంచీ సలోమి చేతుల్లోనే పెరిగింది.

దానా తొమ్మిదో పుట్టినరోజుకు నాలుగు కిమోనోలు కావాలని సలోమి వచ్చింది. ఒకటి దానాకు, మూడు ఆమె పినతల్లుల పిల్లలకు. ఏదో ఫోను ఆటలోని వేషాలట. నేను నవ్వాను. సలోమి నవ్వలేదు, కుర్చీ లాక్కుని కూర్చుని వివరంగా చెప్పింది.

ఆ ఆటలో రకరకాల వింత జంతువులను పట్టుకోవాలి, పెంచాలి, పోటీకి దింపాలి. ఒక ఆట అయిపోతే ఇంకోటి వస్తుంది, ప్రతిదాంట్లో ఊళ్ళు మారతాయి, జంతువులు మారతాయి. కానీ ఏ ఆటలో అయినా ఒక పాత చెక్క నాట్యశాల ఉంటుంది. అందులో నలుగురు అక్కచెల్లెళ్ళు కిమోనోలు కట్టుకుని జపాన్ పాత పద్ధతిలో విసనకర్రలతో నాట్యం చేస్తారు. ఒక్కొక్కరూ ఒక్కో జంతువును పెంచుతారు.

"నాకు ఆట రాదండి మాస్టారూ. ఇస్త్రీ చేసుకుంటా పక్కన కూర్చుంటానండి. కానీ ఆ నలుగురూ నాకు బాగా తెలుసండి. పెద్దావిడది మంచు కొంగండి. ఆవిడ తిరిగితే ఇలా, మెల్లిగా తిరుగుద్దండి" అంటూ లేచి, చేతిలోని కవరునే విసనకర్రగా పట్టుకుని ఒక చుట్టు తిరిగింది. "రెండో ఆవిడది తాబేలండి, కాలు నేల మీంచి లేవదు. దానా ఎప్పుడూ ఆఖరావిడే అవుతానంటదండి. ఆవిడకి చీకట్లో వెలిగే చిన్న నక్క ఉంటదండి. ఆ నలుగుర్నీ గెలిస్తే గెలిచినోళ్ళకే వంగి దండం పెడతారండి. ఓడిపోయినోళ్ళు అంత మర్యాదగా ఉండటం నేనెక్కడా చూళ్ళేదండి."

షాపులో మిషన్లు ఆగాయి. అందరూ ఆమె నాట్యం చూసి కేరింతలు కొట్టారు. నేనూ కొట్టాను. ఆమె ఏమాత్రం సిగ్గుపడకుండా కవరులోంచి ఒక కాగితం తీసింది. దానా రంగు పెన్సిళ్ళతో నలుగురినీ గీసింది. నలుగురి ఎడమ అంచు మీదా ఎర్ర బాణం గుర్తు వేసింది.

"ఇదొక్కటీ చూడండి మాస్టారూ. ఏసుకున్నోళ్ళ ఎడమ చేతి పక్క అంచు మీదకి రావాలంటండి. దానా పదిసార్లు చెప్పింది. ఆటలో నలుగురికీ అలాగే ఉందండి, నేనూ చూశాను."

"గట్ల కాదు చెల్లె. ఎడమది మీదికొస్తె మొగోళ్ళ బట్ట అయితది. ఫోన్ల తిర్లమర్ల కనవడ్తది, నాకెరుక లేదా?"

"ఇది సెల్ఫీ కాదండి, ఆట కదండి. ఆటలో అద్దం ఎందుకుంటదండి?"

 జవాబు లేనప్పుడు మాస్టర్లు చేసే పనే నేనూ చేశాను. "ముప్పై ఏండ్ల సంది కోస్తున్న. గిన్నెలు కడిగేటోళ్ళు నాకు కటింగు నేర్పుతరా?" అన్నాను. షాపంతా నవ్వింది. ముప్పై ఏళ్ళు కూడా కాదు, అప్పటికి ఇరవై మూడు. సలోమి కాగితం మడిచి కవరులో పెట్టుకుని, "మీ ఇష్టం మాస్టారూ" అంది.

నా తెలివి

అసలు కిమోనోకు రెండు వైపులూ ఒకేలా ఉంటాయి. ఎటు కావాలంటే అటు మడిచి నడుము పట్టీ బిగించుకోవచ్చు. నేను అలా కుట్టి ఉంటే పదిమంది నవ్వినా, తిప్పి కట్టుకుంటే సరిపోయేది. నేను తెలివి వాడాను. పిల్లలకు కట్టుకోవడం రాదని లోపల టిచ్ బటన్లు బిగించాను. నడుము పట్టీని ఒక వైపు కుట్టేశాను. పైకి కనపడే కుడి భాగానికే పూల బట్ట వేసి, కిందికి పోయే ఎడమ భాగాన్ని అస్తరు గుడ్డతో సరిపెట్టాను. అంటే ఇక తిప్పడానికి వీల్లేదు. చాలా అందంగా వచ్చాయి. నిజం చెప్పాలంటే నా చేతితో కుట్టినవాటిలో అంత బాగా వచ్చినవి తక్కువ.

పుట్టినరోజుకు దానా స్నేహితురాలి తల్లి, ఒక జపాన్ ఆవిడ వచ్చింది. నలుగురు పిల్లలు వరసగా విసనకర్రలతో వచ్చి నిలబడగానే ఆవిడ మొహం మారిపోయిందట. ఎవరికీ చెప్పకుండా దానాను పక్కకు తీసుకెళ్ళి అంచులు మార్చి కట్టబోయింది. బటన్లు అడ్డం వచ్చాయి, బలవంతంగా లాగితే అస్తరు బయటపడింది. ఇంటావిడ చూసి ఏమిటని అడిగింది. ఆవిడ చెప్పక చెప్పక చెప్పింది: వాళ్ళ దేశంలో కుడి అంచు మీదికి కట్టేది చనిపోయినవాళ్ళకు, దహనానికి ముందు.

పుట్టినరోజు నాడు ఇంటి ఆడపిల్లలు నలుగురికీ శవాల బట్టలు వేయించానన్నమాట.

నోటితో చేసింది

మర్నాడు పొద్దున ఇంటావిడ స్వయంగా షాపుకు వచ్చింది. నాలుగు బట్టలూ సంచిలోంచి నా బల్ల మీద కుమ్మరించి, జరిగింది చెప్పింది. కేకలు వేయలేదు. ఆమె అరబ్బీలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను: "మాస్టర్, ఇలా కుట్టమని నీకు ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. అదే జవాబు. కానీ మిషన్ల దగ్గర నలుగురు వింటున్నారు. కఫీల్ ఆమె మేనమామ. ఒక్క మాటతో నా బల్ల పోతుంది. ఆమె "ఎవరు" అని అడిగింది కాబట్టి, ఎవరో ఒకరిని చూపిస్తే చాలనిపించింది.

"మీ సలోమి. కుడి అంచు మీదికి రావాలని ఆమే చెప్పింది" అన్నాను.

ఇంటావిడ సంచి అక్కడే వదిలేసి వెళ్ళింది. వెనక మిషన్లు మొదలయ్యాయి. సలోమి చెప్పిందేమిటో విన్నవాళ్ళే వాళ్ళందరూ. ఒక్కడూ నా వైపు చూడలేదు, నేనూ ఎవరి వైపూ చూడలేదు.

సాయంత్రం ఇంటావిడ ఫోను చేసింది. "మాస్టర్, ఇంకోసారి అడుగుతున్నాను. సలోమి కాదంటోంది. నా కూతురు కూడా కాదంటోంది, ఏడుస్తోంది. నీకు గట్టిగా గుర్తుందా?" అప్పుడైనా చెప్పవచ్చు. తలుపు తెరిచి పట్టుకున్నట్టే అడిగింది. నేను "వల్లా, మామా" అన్నాను. వాళ్ళ దేవుడి మీద ఒట్టేశాను. నా దేవుళ్ళ మీద వేసే ధైర్యం లేక కాబోలు.

మూడోరోజు మధ్యాహ్నం సలోమి షాపుకు వచ్చింది. బయట ఇంటి డ్రైవరు కారు ఇంజను ఆపకుండానే కూర్చున్నాడు. కారులో ఆమె పెట్టె ఉంది. ఇంటికి పంపించేస్తున్నారు, టికెట్టు తీసేశారు.

"మాస్టారూ, నేను తప్పు చెప్పానని మామా అనేసుకున్నారండి. నేనెంత చెప్పినా వినట్లేదు. మీరొక్క మాట చెప్పండి మాస్టారూ. మీ మాటంటే ఆవిడకి గురి. మా అమ్మాయి నర్సింగు రెండో ఏడు, మధ్యలో ఆగిపోద్దండి. ఇదిగో, ఇది చూపిస్తే ఆవిడకే అర్థమవుద్ది" అని దానా గీసిన కాగితం నా చేతిలో పెట్టింది.

ఆ మాట అన్నది నేనేనని ఆమెకు తెలియదు, ఇంటావిడ నా పేరు ఎత్తినట్టు లేదు. అలాంటి అనుమానం కూడా ఆమెకు రాలేదు. నన్ను సాక్ష్యం అడగడానికి వచ్చింది.

"చెప్త చెల్లె. నువ్వు నిమ్మళంగ పో" అన్నాను.

ఆమె రెండు చేతులూ జోడించి దండం పెట్టి కారెక్కింది. నేను కాగితాన్ని చాక్ ముక్కలుండే సొరుగులో పెట్టాను.

తరవాత

తరవాత నాకేమీ కాలేదు. ఇది కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి, తప్పు చేసినవాడికి ఏదో ఒకటి జరుగుతుందని ఎదురుచూడకండి. నా బల్ల నాకే ఉంది. ఇంటావిడ కూడా కొన్నాళ్ళకు మళ్ళీ బట్టలు పంపసాగింది. వేరే దేశం పనిమనిషి తెచ్చేది. చాక్ కోసం సొరుగు లాగినప్పుడల్లా ఆ ఎర్ర బాణాలు కనపడేవి. చాక్ వేరే డబ్బాలోకి మార్చాను.

ఆ మధ్య ఫర్వానియా ఆసుపత్రికి బీపీ చూపించుకోవడానికి వెళ్తే రాజోలు వైపు నర్సు ఒకామె కలిసింది. ఊరు పేరు వినగానే సలోమి గురించి అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. సలోమి కూతురు చదువు మానేసి రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పనికి వెళ్ళిందని, పెళ్ళయి ఇప్పటికీ అదే పని చేస్తోందని ఆమె చెప్పింది. సలోమి నంబరు కూడా ఇచ్చింది. ఆ కూతురు నర్సయి ఉంటే ఆసుపత్రిలో ఈ నర్సు కూర్చున్న చోట తనే కూర్చుని ఉండేదేమో. నా బీపీ మూడుసార్లు చూశారు.

నంబరు దగ్గర పెట్టుకుని నాలుగు నెలలు ఫోను చేయలేదు.

మొన్న

మొన్న శుక్రవారం సొరుగులోని కాగితం తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాను. బయటి గదిలో కూర్చోబెట్టారు. ఇంటావిడ వచ్చింది, వెనకే దానా. పదిహేడేళ్ళ పిల్ల, తల్లికంటే పొడవు. వెళ్ళిపోతున్నానని చెప్పుకోవడానికి వచ్చాననుకుని కాఫీ పోయించారు. నేను కప్పు ముట్టుకోకుండా మొత్తం చెప్పాను. సలోమి ఎడమ అంచు అనే చెప్పింది, నేనే వినలేదు, రెండుసార్లు అబద్ధం ఆడాను, ఒట్టు కూడా వేశాను అన్నాను. కాగితం బల్ల మీద పెట్టాను.

దానా కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. "నేను గీసిందే" అంది. తరవాత తల్లితో, "ఆ రోజే చెప్పాను నీకు" అంది. తల్లి నా వైపు తిరిగింది. నన్ను అడిగింది: "మాస్టర్, నీ షాపు మా ఇంటికి రెండు వీధుల దూరం. ఇక్కడికి రావడానికి ఎనిమిదేళ్ళు పట్టిందా?"

పట్టిందని ఒప్పుకున్నాను.

దానా నన్ను అడిగి సలోమి నంబరు తీసుకుని, అక్కడే వీడియో కాల్ చేసింది. కాసేపటికి తెర మీద సలోమి వచ్చింది. జుట్టు తెల్లబడింది. వెనక రేకుల వరండా, తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. దానా "సలోమీ" అనగానే ఆమె అరబ్బీ అంతా తిరిగి వచ్చింది. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు. దానా అప్పటి మంచు కొంగ ఆవిడలా ఫోను ముందు ఒక చుట్టు తిరిగి చూపించింది. ఇంటావిడ మొహం తిప్పుకుని కిటికీ వైపు చూస్తోంది. ఆ తరవాత దానా, "మాస్టర్ వచ్చాడు. నీది తప్పు కాదని అమ్మకు చెప్పాడు" అని ఫోను నా వైపు తిప్పింది.

సలోమి మొహం వెలిగిపోయింది. "మాస్టారూ! చెప్పారా! నాకు తెలుసండి, మీరు ఎప్పటికైనా చెప్తారని. మా ఇంట్లో వాళ్ళతో అంటానే ఉన్నానండి, ఆయనకి వీలు పడలేదేమో, వీలుంటే చెప్పేవారే అని. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలండి."

అంతటితో ఊరుకోవచ్చు. దానా చెప్పిన మాటలో అబద్ధం లేదు. సలోమికి నేను ఆలస్యమైన మంచివాడిగా మిగిలిపోవచ్చు. ఒక్క క్షణం అలాగే ఊరుకోవాలనే అనిపించింది, అది కూడా రాస్తున్నాను.

"చెల్లె, మామాకు ఆ మాట చెప్పింది నేనే. నువ్వు కుడి అన్నవని నేనే అన్న. ఒట్టు గూడ వేసిన."

ఆమె ఫోను పెట్టేయలేదు. నవ్వు మొహం మీదనుంచి పోవడానికి కొంతసేపు పట్టింది, పోతుంటే చూస్తూ కూర్చున్నాను. వెనక ఎవరో ఆడమనిషి తీగ మీది బట్టలు తీస్తోంది. కూతురై ఉండాలి.

"నన్నే ఎందుకన్నారు మాస్టారూ?"

ఎనిమిదేళ్ళలో ఈ ప్రశ్నకు చాలా జవాబులు తయారుచేసుకున్నాను. బల్ల పోతుందని భయం, కఫీల్, షాపులో నలుగురి ముందు పరువు. ఆమెను చూస్తుంటే అవేవీ నోటికి రాలేదు.

"నీ మాట ఎవ్వరు ఇనరని" అన్నాను.

ఆమె తల ఊపింది, అది తనకు తెలిసిన సంగతే అన్నట్టు.

"ఫోను దానాకి ఇవ్వండి" అంది. మాస్టారూ అనలేదు.

ఇచ్చాను.